కనుమ దారిలో వచ్చిన కంప్యూటరు



పోయినసారి పితుకుపప్పు గురించి రాస్తే చానా మంది మెచ్చుకొనినారు. ఈసారి సంగతి చూసి "ఈ ముసలాయనకు ఇదేంటికి?" అంటారేమో. కంప్యూటరు గేములు ఈడ్చుకుంటా నడవడం, లోపల వేసిన గ్రాఫిక్స్ కార్డు పని చేయకుండా కూర్చోవడం గురించి రాస్తా ఉండాను. రైల్వేలో టికెట్లు కొట్టిన గుమాస్తాని నేను, ఇంజినీరుని కాదు. అయినా మూడు వారాలు దాని ముందర కూర్చొని నేర్చుకొన్నది మన ఇండ్లల్లో ఎవురికైనా పనికొస్తాదని రాస్తా ఉండాను. నా బడి చదువంతా తమిళంలోనే. తెలుగు రాత యాభై దాటినాక పట్టుకొన్నాను. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

మా పెద్దోడు హోసూరులో ఒక కంపెనీలో పని. వాడి కొడుకు ఇప్పుడు పదకొండో తరగతి. పదిలో మార్కులు బాగా వస్తే గేములాడే కంప్యూటరు తీసిస్తానని వాడి నాయిన నోరు జారినాడు. మార్కులు వచ్చేసినాయి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో సామాన్లు కొని, హోసూరులో ఒక అంగట్లో జోడించినారు. ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసరు, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు, 16 జీబీ ర్యామ్, 144 హెర్ట్జ్ మానిటరు. తొలివారం హోసూరు ఇంట్లోనే పెట్టి ఆడినాడు. బ్రహ్మాండంగా ఉండింది అంట.

ఆ వారంలోనే మా కోడలికి కండ్లు తెరుచుకొన్నాయి. రాత్రి రెండు గంటలకు ఆ పెట్టెలో లైట్లు వెలగతా ఉంటే ఏ తల్లి ఊరుకుంటాది? పంచాయితీ నడిచింది. కంప్యూటరు అంచెట్టిలో మా ఇంట్లో పెట్టేది, అబ్బోడు శనాదివారాలు వచ్చి ఆడుకొని పోయేది అని తీర్పు. ఈ తీర్పుతో అందరికంటే లాభపడింది నేనూ మా ఇంటామే. అంతకు ముందు అబ్బోడు పండగకొకసారి వచ్చేవాడు. వచ్చినా ఫోను పట్టుకొని ఒక మూల. ఇప్పుడు శనివారం పొద్దన్నే బస్సు దిగతాడు. మా ఇంటామె శుక్రవారం రాత్రే అనపగింజలు నానేస్తాది.

కంప్యూటరును ఒక వ్యానులో వేసుకొని వచ్చినాము. డెంకణికోట దాటినాక అడివి, మలుపులు, గుంతలు. మీకు తెలియని దారి కాదు. పెట్టెను అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ దుప్పట్లు చుట్టి, నేనే పక్కన కూర్చొని పట్టుకొన్నాను. పై గీత ఒక్కటి కూడా పడకుండా ఇల్లు చేరింది. తీగలన్నీ నేనే తగిలించినాను. అబ్బోడు వచ్చేలోపల సిద్ధంగా ఉండాలని ఆశ.

మొదటి శనివారం అబ్బోడు గేము తెరిచినాడు. బొమ్మ ఆగి ఆగి కదలతా ఉండాది. వాడి మొగం చూడలేకపోయినాను.

ఈడ రోంత వివరం చెప్పాల. తెర మీద కదిలే బొమ్మ అంటే వరసగా మారే బొమ్మలే. సినిమాకు సెకనుకు 24. గేముకు కనీసం 60 ఉంటే కంటికి హాయిగా ఉంటాది. దీన్నే పిలకాయలు ఎఫ్‌పీఎస్ అంటారు. ఆ పొద్దు మాకు వచ్చింది 14.

ఆ మొదటి తప్పు నాదే. కంప్యూటరు వెనకాల మానిటరు తీగ తగిలించే రంధ్రాలు రెండు తావుల్లో ఉంటాయి. పైన నిలువుగా మదర్‌బోర్డువి, కింద అడ్డంగా గ్రాఫిక్స్ కార్డువి. నేను చేతికి అందిన పైదాంట్లో పెట్టినాను. ఈ ప్రాసెసరు లోపలే ఒక చిన్న గ్రాఫిక్స్ ఉండాది కాబట్టి బొమ్మ వచ్చింది, అదే మోసం. ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అక్షరం ఉండే రకమైతే లోపల గ్రాఫిక్స్ ఉండదు, తెర నల్లగా ఉండి తప్పు అప్పుడే తెలిసిపోయేది. మాకేమో వేలకు వేలు పోసి కొన్న కార్డు కింద ఊరికే ఉంటే, ఆ చిన్నది గసపెట్టుకుంటా గేము గీస్తా ఉండింది. అబ్బోడు వెనకాల చూసి నవ్వినాడు. తీగ కిందికి మార్చినాము.

14 పోయి 40 వచ్చింది. హోసూరులో అదే గేము 90 దాటి వచ్చేదంట.

ఇంగ అందరూ డాక్టర్లే. మా పెద్దోడు ఫోనులో "మీ ఊరి కరెంటు నాయినా, ఓల్టేజి లేదు" అన్నాడు. నేను నమ్మి స్టెబిలైజరు తెప్పించినాను. ఏ మార్పూ లేదు. తర్వాత కదా చదివింది, మా పెట్టెలోని పవర్ సప్లై మీద 100 నించి 240 ఓల్టుల దాకా అని అచ్చేసి ఉండాది. కరెంటు మరీ పడిపోతే కంప్యూటరు ఆరిపోతాది, లేదంటే మళ్లా మొదలవతాది. సగం బలంతో ఈడ్చుకుంటా నడిచేది దానికి తెలియదు. ఆ స్టెబిలైజరు ఇప్పుడు ఫ్రిజ్జు పక్కన ఉండాది.

పక్కింటాయన "నెట్టు లేదు, అందుకే" అన్నాడు. ఇది చానా మంది కలిపేసే సంగతి. నెట్టు సరిగా లేకుంటే ఎదుటి ఆటగాడు ఎగిరెగిరి దుంకినట్ల కనిపిస్తాడు, మనం కొట్టింది ఆలస్యంగా తగలతాది. దానికి పింగ్ అని వేరే లెక్క. బొమ్మలు గీసేది మన పెట్టె లోపలి పని. తేల్చుకోవాలంటే నెట్టు లేకుండా ఆడే గేము పెట్టి చూసేది. మేము ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల గేము పెట్టినాము. మెక్సికో దేశపు రోడ్ల మీద కార్లు పోతాయి, చూడడానికి నాకూ బాగుండాది. దాంట్లో బెంచ్‌మార్క్ అని ఒకటుంటాది. ప్రతిసారీ అదే రోడ్డు, అదే కారు, దానంతట అదే నడిచి చివర లెక్క చెప్తాది. నాలాంటోడికి ఇది దేవుడిచ్చిన రిజిస్టరు. నెట్టు తీగ పీకేసి నడిపినాము. అదే 41.

అబ్బోడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజరు తెరిచి చూపించినాడు. గ్రాఫిక్స్ కార్డు వాడకం 38 శాతం. "చూడు తాతా, కార్డు పనే చేయడం లేదు. వేస్టు కార్డు. మార్చాల" అన్నాడు. ఆ మాట వాడి నాయిన చెవిలో పడింది. "ఇంగొక రూపాయి పెట్టేది లేదు, వచ్చిన రేటుకు అమ్మి పారేస్తాను" అన్నాడు. నేనూ ఆ కోపంలో "రాత్రీ పగలూ ఆడి నువ్వే చెడగొట్టినావు కదరా" అనేసినాను. అబ్బోడు గమ్మున సంచి సర్దుకొని సాయంత్రం బస్సుకే పోయినాడు. ఆదివారం దాకా ఉండాల్సినోడు. మరుసటి వారం "పరీక్ష ఉండాది" అని రాలేదు. మా ఇంటామె నానేసిన గింజలు నేనూ ఆమే పిసికినాము.

ఆ వారమంతా నా తలలో తిరిగింది ఒకటే మాట, "కార్డు పనే చేయడం లేదు."

నేను 1981లో చేరినాను. అప్పుడు అట్ట టికెట్లు, రిజర్వేషనుకు లావు లెడ్జర్లు. తర్వాత కంప్యూటర్లు వచ్చినాయి. మన తెలుగోళ్ల సికింద్రాబాదులోనే 1994లో కాన్సర్ట్ అనే రిజర్వేషను పద్ధతి మొదలైంది. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు, ఈ అయిదింటిలో పెద్ద కంప్యూటర్లు. మా ముందర ఉండేది తెర, కీబోర్డు మాత్రమే. మేము పేరు, వయసు, రైలు నంబరు కొట్టి పంపిస్తే, ఆడ పెద్ద కంప్యూటరు చూసి జవాబు పంపాల. అది వస్తేనే టికెట్టు.

ఒక స్టేషన్లో, పేరెందుకులే, ఒక పొద్దు లైను నత్త మాదిరి నడస్తా ఉండాది. కౌంటరు ముందర నలభై మంది. నేను కొట్టి పంపించి, చేతులు కట్టుకొని తెర చూస్తా కూర్చున్నాను. అప్పుడే తనిఖీకి ఒక అధికారి వచ్చినాడు. జనం ఎగబడతా ఉంటే గుమాస్తా చేతులు కట్టుకొని ఉండాడని మెమో. నేను వారం రోజులు డిక్షనరీ పెట్టుకొని ఇంగ్లీషులో జవాబు రాసినాను. దాని కార్బన్ కాపీ ఇప్పటికీ బీరువాలో ఉండాది. ఆ పొద్దు నా చేతులు ఎంత వేగమో ఎవురికీ అక్కర లేకపోయింది.

కార్డుకు 38 శాతం అంటే, మిగతా 62 శాతం అది ఎవురి కోసమో కాచుకొని ఉండాది. అట్ల నాకు తోచింది. అబ్బోడికి ఫోను చేసి ఇదే అడిగినాను. "తాతా, దానికి పని ఇచ్చేది ప్రాసెసరు" అన్నాడు. కాసేపు ఆగి "నేను శనివారం వస్తాను" అన్నాడు.

గేములో ప్రతి బొమ్మకూ ముందు ప్రాసెసరు లెక్క వేస్తాది. కారు యాడుండాది, చక్రం ఎంత తిరిగింది, ఎదురు బండి యాటికి పోతాది. లెక్క ముగిసినాక "ఇది గీయి" అని కార్డుకు చీటీ పంపిస్తాది. కార్డు గీస్తాది. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లే టైము. చీటీ రావడానికే 24 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, కార్డు ఎంత గట్టిదైనా సెకనుకు 41 దాటి గీయలేదు. మాకు వచ్చింది 41. ఈ లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది నిజమా కాదా అని చూసేదానికి ఒక సులువైన పరీక్ష ఉండాది. గేము సెట్టింగుల్లో బొమ్మ సైజు తగ్గించేది. 1920 ఇంటూ 1080 అంటే 20,73,600 చుక్కలు. 1280 ఇంటూ 720 అంటే 9,21,600. కార్డుకు పని సగానికి కంటే తగ్గింది. కార్డు చేతకానిదైతే ఎఫ్‌పీఎస్ పెరగాల. మాకు 41 పోయి 42 వచ్చింది. కార్డు మీద నేరం కొట్టేసినాము.

ఒక హెచ్చరిక కూడా చెప్పేస్తాను. కార్డు వాడకం తక్కువ కనిపించినంత మాత్రాన జబ్బు కాదు. వి-సింక్ అనో, ఎఫ్‌పీఎస్ హద్దు అనో గేములోనే 60కి కట్టేసి ఉంటే, 60 వస్తా కార్డు 40 శాతంలో ఉండడం ఆరోగ్యమే. ముందు అది చూసుకోండి. అట్లనే 144 హెర్ట్జ్ మానిటరు కొని, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60లోనే వదిలేసినోళ్లు ఎందరో. మాదీ అట్లనే ఉండింది.

టాస్క్ మేనేజరులో ప్రాసెసరు చూస్తే 45 శాతమే ఉండాది. అబ్బోడు మళ్లా తికమక పడినాడు. ఈడే గుమాస్తా బుద్ధి పనికొచ్చింది. ఆ శాతం అందరి సగటు. ఈ ప్రాసెసరులో 6 కోర్లు, 12 థ్రెడ్లు. ఒక్క థ్రెడ్డు నిండా మునిగినా సగటులో 8 శాతమే కనిపిస్తాది. పన్నెండు కౌంటర్లలో ఒక్కదాంట్లో క్యూ వీధి దాకా ఉన్నా, స్టేషను సగటు చూస్తే ఖాళీనే కదా. సగటు పక్కనే స్పీడు అని ఇంగొక అంకె ఉంటాది, దాన్ని ఎవురూ చూడరు. ఈ ప్రాసెసరు అసలు వేగం 2.5 గిగాహెర్ట్జ్, అవసరమొస్తే 4.4 దాకా ఎగరాల. మాది 1.3 చూపిస్తా ఉండాది. కాలు విరిగిన ఎద్దు మాదిరి.

ఎందుకు? నేను అప్పటికే ఒక నోటుబుక్కు పెట్టినాను. తారీఖు, టైము, ఎన్నోసారి నడిపింది, ఎఫ్‌పీఎస్, కార్డు శాతం. అబ్బోడు ఎగతాళి చేసినాడు కానీ రాసినాడు. పొద్దన్న తొలిసారి 83. రెండోసారి 55. మూడోసారి 41. అన్నం తిని, కంప్యూటరు ఆపేసి రెండు గంటలు పడుకొని లేసినాక 81. మళ్లా 52, 41. అబ్బోడు ఇన్నాళ్లూ "ఒకోసారి బాగుంటాది, ఒకోసారి ఉండదు" అంటా ఉండినాడు. టైము గడి నింపినాక తెలిసింది, చల్లగా ఉంటే పరిగెత్తతాది, వేడైతే కూలబడతాది.

టాస్క్ మేనేజరు కార్డు వేడి చూపిస్తాది కానీ ప్రాసెసరు వేడి చూపించదు. దానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఒక సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరకతాది. వేసి చూస్తే 100 డిగ్రీలు. ఈ రకం ప్రాసెసరుకు అదే హద్దు. హద్దు తాకితే కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకొంటాది. తనను కాపాడుకొంటా ఉండాది పాపం, మేమేమో కార్డును తిడతా ఉండినాము.

పక్క రేకు విప్పినాము. ఫ్యాను గిర్రున తిరగతా ఉండాది, దుమ్ము లేదు. అబ్బోడు "బాగానే ఉంది తాతా" అన్నాడు. కంప్యూటరు ఆపి, తీగ పీకి, పవర్ బటను ఒకసారి నొక్కి వదిలి, పెట్టె ఇనుమును ముట్టుకొని, అప్పుడు నేను ఆ ఫ్యాను దిమ్మెను వేలితో మెల్లగా కదిపినాను. ఒక మూల పాలపన్ను మాదిరి ఊగింది.

ఇంటెల్ డబ్బాతో వచ్చే ఫ్యానుకు నాలుగు మూలల్లో నాలుగు ప్లాస్టిక్కు కాళ్లు ఉంటాయి. బోర్డు రంధ్రాల్లోకి నొక్కితే టక్కుమని పడతాయి. ఒక కాలు ఊడి పైకి లేసి ఉండాది. ప్రాసెసరుకూ దిమ్మెకూ నడుమ సందు. హోసూరులో బాగుండి అంచెట్టిలో చెడిందేంటికంటే, డెంకణికోట దాటినాక వచ్చే ఆ గుంతలు! నేను దుప్పట్లు చుట్టి బయట కాపాడినాను, లోపల దిమ్మె బరువుకు కాలు జారింది. పెద్ద ప్రయాణం చేసే కంప్యూటరును పండబెట్టి, మదర్‌బోర్డు కిందికి, ఫ్యాను పైకి ఉండేటట్ల తేవాలంట. నేను నిలబెట్టి తెచ్చినాను. ఆ మాట నోటుబుక్కులో నా పేరు మీదనే రాసినాను.

ఒకసారి కదిలిన దిమ్మెను ఊరికే నొక్కితే చాలదు. దిమ్మె తీసి, పాత పేస్టు మెత్తని గుడ్డతో తుడిచి, కొత్త థర్మల్ పేస్టు బఠాణీ గింజంత పెట్టి, ఎదురెదురు మూలలు జతగా నొక్కాల. పేస్టు గొట్టం హోసూరు నించి రావాల కాబట్టి ఇంగొక వారం పోయింది. ఆ శనివారం అబ్బోడు బస్సు దిగి ఇంట్లోకి కూడా రాకుండా గడప మీద నించే గొట్టం ఎత్తి చూపించినాడు. నాలుగో టక్కు నేను నొక్కినాను.

ప్రాసెసరు వేడి 66 డిగ్రీలు. వేగం 4 గిగాహెర్ట్జ్. ఫోర్జాలో 94. కార్డు వాడకం 97 శాతం. మూడుసార్లు నడిపినా అంతే. కార్డు 97లో ఉందంటే అది అలిసిపోతా ఉందని భయపడద్దండి, దాని వేడి సరిగా ఉంటే అదే దాని నిండు కొలువు.

రేకు విప్పినప్పుడే ఇంగొకటి కనిపించింది. ర్యామ్ రెండు కడ్డీలు, నాలుగు గాళ్లు. జోడించినోళ్లు పక్కపక్కనే ఒకటో రెండో గాళ్లలో గుచ్చినారు. బోర్డు పుస్తకంలో రెండూ నాలుగూ అని ఉండాది. పక్కపక్కన పెడితే రెండు కడ్డీలూ ఒకే దారిలో పోతాయి, సింగిల్ లైను మాదిరి. మార్చి పెట్టి, బయోస్‌లో ఎక్స్ఎంపీ అనేది తెరిస్తే 2400లో నడిచే ర్యామ్ 3200కు వచ్చింది. సగటు ఎఫ్‌పీఎస్ పెద్దగా మారలేదు, నడుమ నడుమ వచ్చే కుదుపులు మాత్రం పోయినాయి. పైసా ఖర్చు లేదు. మీ ఇండ్లల్లో ర్యామ్ ఎట్ల పోతా ఉందో చూసుకోవాలంటే సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేరులో చానల్ అనే గడి చూడండి.

మొత్తం ఖర్చు పేస్టు గొట్టం ఒక్కటే. స్టెబిలైజరు లెక్క నా మూర్ఖత్వం కింద వేరే రాసినాను.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు అబ్బోడితో "నువ్వు చెడగొట్టలేదురా, నేను తెచ్చిన తీరే తప్పు" అన్నాను. వాడు రాగిముద్ద విరుచుకుంటా "తెలుసులే తాతా" అన్నాడు. తర్వాత, ఆ మెమో కాగితం చూపించమన్నాడు. బీరువా తీసి చూపించినాను. కార్బన్ అక్షరాలు మసకబారి ఉండాయి. వాడు మొత్తం చదివి, "మీ లైను ఆ పొద్దు ఎంత సేపు ఆగిందో టైము రాయలేదేం తాతా?" అని అడిగినాడు. నిజమే. రాయలేదు.

నిన్న పక్కింటాయన తన కొడుకు ల్యాప్‌టాపు చంకలో పెట్టుకొని వచ్చినాడు. గేము పెడితే ఆగిపోతా ఉందంట. నేను ముందు అడిగింది, చార్జరు తగిలించి ఆడతా ఉండాడా లేదా అని. బ్యాటరీ మీదైతే ల్యాప్‌టాపు తన బలం తానే తగ్గించుకొంటాది. ఆయనకు తెలియదు. శనివారం అబ్బోడు వస్తాడు, అప్పుడు తెమ్మని చెప్పినాను. నోటుబుక్కులో కొత్త పేజీకి గీతలు కొట్టి పెట్టినాను.